నడక చాలదు – ముట్లుడిగే వయసు, వ్యాయామం, మన హైటెక్ సిటీ

'ముట్లుడగడం' మన భాషలో చక్కని మాట. ఉడుగుట అంటే క్రమంగా తగ్గి ఆగిపోవడం. వాన ఉడుగుతుంది, గాలి ఉడుగుతుంది. ఒకనాడు టక్కున ఆగిపోయేది కాదని, కొంతకాలం వచ్చీ రాక తడబడి చివరకు నిలిచిపోతుందని ఆ క్రియలోనే ఉన్నది. వైద్యులు ఇప్పుడు 'పెరిమెనోపాజ్' అని వేరే పేరు పెట్టి వివరిస్తున్న సంధికాలాన్ని మన ముత్తవ్వలు ఒక్క క్రియాపదంతో సరిపెట్టారు. మెనోపాజ్ అన్న మాటకు ఉన్న వయసు రెండు వందల ఏళ్ళు మాత్రమే. 1821లో గార్దన్ అనే ఫ్రెంచి వైద్యుడు గ్రీకు ముక్కలు రెండు అతికి చేశాడు. సంస్కృతజ్ఞులు రజోనివృత్తి అంటారు. పన్నెండవ ఏట మొదలైనది యాభయ్యవ ఏట ఆగుతుందని సుశ్రుతుడు లెక్క చెప్పాడు. ఆ లెక్క మన తెలుగునాట తప్పుతున్నది. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

పద్యాలూ ప్రబంధాలూ వ్రాసుకొనే పంతులమ్మకు ఈ ఊసెందుకని బ్లాగ్మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు. మగమిత్రులు కొందరు మర్యాదకు పక్క టపాకు వెళ్ళిపోవచ్చు. వెళ్ళకండి. మీ ఇంట్లో నలభై దాటిన ఆడమనిషి ఒకరైనా ఉంటారు. 1991లోనే స్త్రీశక్తి సంఘటన వారు 'సవాలక్ష సందేహాలు' అని మన ఒంటి సంగతులన్నీ తెలుగులో చెప్పే పుస్తకం తెచ్చారు, హైదరాబాద్ బుక్ ట్రస్టు వేసింది. అంత కాలం క్రితమే అచ్చయిన సంగతులు మాట్లాడుకోవడానికి ఈనాడు సిగ్గుపడడం బాగుండదు.

ఇక అసలు విషయం. సైబర్ టవర్స్ 1998 నవంబరు 22న ఆనాటి ప్రధాని వాజపేయి చేతుల మీదుగా తెరుచుకొన్నది. ఆ ఏడూ, ఆ పై ఒకటి రెండేళ్ళూ ఇంజినీరింగో ఎమ్సీయేనో ముగించి మాదాపూరు దారి పట్టిన ఆడపిల్లలకు అప్పుడు ఇరవై రెండు, ఇరవై మూడు. వేళ్ళ మీద లెక్కపెట్టండి. వారంతా ఇప్పుడు యాభై వాకిట్లో నిలబడి ఉన్నారు. హైటెక్ సిటీకి తొలి తరం ఆడవారు ముట్లుడిగే వయసుకు రావడం ఇదే మొదలు. ఆ అద్దాల మేడలు కట్టినవారు కాని, అందులో కొలువులిచ్చినవారు కాని ఈ రోజు వస్తుందని ఎన్నడైనా తలచారా అన్నది నా అనుమానం. ప్రసూతి సెలవు 2017 చట్టసవరణతో ఇరవై ఆరు వారాలయింది, మంచిదే. ఆ సెలవు తీసుకొన్న తల్లికి ఇరవై ఏళ్ళ తరువాత ఏమవుతుందో మాత్రం ఎవరి పట్టికలోనూ లేదు.

నా దగ్గర పదో తరగతి చదివి ఇప్పుడు ఆ వీథులలోనే పెద్ద హోదాలో ఉన్న అమ్మాయి ఒకతె ఈ మధ్య కలిసింది. అమ్మాయి అంటున్నాను గాని తనకు నలభై ఎనిమిది. 'టీచర్, మీటింగులో నేను మాట్లాడుతుండగా ఒక్కసారిగా మెడ నుంచి ముఖం దాకా ఆవిర్లు కమ్ముతాయి. ఏసీ గదిలో చెమటలు. ఎదురుగా ఉన్న కుర్రవాళ్ళు నాకు భయం వేస్తోందనుకొంటారు' అన్నది. ఏం చేస్తున్నావే అని అడిగాను. ఆఫీసులో ఆరోగ్యం మీద ప్రసంగం పెట్టించారట. వ్యాయామం చేస్తే ఈ ఆవిర్లు పోతాయని, రోజుకు పదివేల అడుగులు నడవమని చెప్పారట. 'నాలుగు నెలలు నడిచాను టీచర్. ఒక్క ఆవిరీ తగ్గలేదు. నాకే ఏదో లోపముందనుకొని మానేశాను.'

ఆ 'మానేశాను' విన్నాకనే ఈ టపా వ్రాయాలనిపించింది. తప్పుడు ఆశ చూపితే మనిషి మంచి పనిని కూడా మానేస్తుంది. అసలు ఆ పదివేల అడుగుల లెక్క వైద్యశాస్త్రం తేల్చినది కాదు. 1965లో జపానులో అమ్మకానికి పెట్టిన అడుగులు లెక్కించే పరికరానికి 'పదివేల అడుగుల మీటరు' అని పేరు పెట్టారు. వినడానికి ఇంపుగా ఉండి లోకమంతా పాకింది. అంకె సొంపు మీద ఆధారపడిన శాస్త్రాలు మనకూ ఉన్నాయి కనుక జపాను వారిని నేనేమీ అనను.

ముట్లుడిగే కాలపు ఆవిర్లకు వ్యాయామం మందవుతుందా అన్న ప్రశ్న ఈ శతాబ్దం మొదట్లో బలం పుంజుకొన్నది. 2002లో అమెరికాలో హార్మోను మాత్రల మీద జరుగుతున్న ఒక మహాపరీక్షను మధ్యలో ఆపివేశారు. రొమ్ము క్యాన్సరు, పక్షవాతం వంటి ముప్పులు కొంత పెరుగుతున్నాయని. (ఆ ముప్పు వయసును బట్టి మారుతుందని, యాభైలలో ఉన్నవారికి తక్కువని తరువాతి విశ్లేషణలు చెప్పాయి; అది వేరే టపా.) మాత్రలంటే భయం పుట్టగానే మాత్రలు కాని ఉపాయాల మీద పరిశోధకుల చూపు పడింది.

ఏం తేలింది? 2014లో కోక్రేన్ సంస్థవారి సమీక్ష అయిదు పరీక్షలను, మొత్తం 733 మంది స్త్రీలను జల్లెడ పట్టింది. వ్యాయామం ఆవిర్లను తగ్గిస్తుందని చెప్పడానికి ఆధారం చాలదని తేల్చింది. అదే ఏడు అమెరికాలో 'ఎంఎస్ ఫ్లాష్' అనే పరిశోధన బృందం పన్నెండు వారాల పాటు, వారానికి మూడు రోజులు, శిక్షకుల కళ్ళెదుట కొందరు స్త్రీల చేత గుండె వేగం పెరిగే వ్యాయామం చేయించింది. ఆవిర్లు తగ్గలేదు. కాని నిద్ర కొంచెం మెరుగుపడింది, దిగులు కొంచెం తగ్గింది. మరో జట్టు చేత యోగా చేయించారు. అక్కడా అంతే, ఆవిర్లకు గుణం లేదు, నిద్రలేమికి కొంత ఉన్నది.

మన పక్క రాష్ట్రం నుంచి వచ్చిన మాట ఇందుకు భిన్నంగా ఉన్నది. బెంగుళూరు వివేకానంద యోగా విశ్వవిద్యాలయం వారు 2008లో ప్రకటించిన పరీక్షలో 120 మందిని రెండు జట్లు చేసి ఒక జట్టుకు యోగా, మరొక జట్టుకు మామూలు వ్యాయామం ఎనిమిది వారాలు చేయించారు. యోగా జట్టులో ఆవిర్లు, రాత్రి చెమటలు ఎక్కువగా తగ్గాయి. స్వదేశాభిమానం కొద్దీ దీనిని నెత్తిన పెట్టుకోవాలని నాకూ ఉన్నది. కాని ఇటువంటి పరీక్షలో ఎవరు ఏమి చేస్తున్నారో వారికి తెలిసిపోతుంది కదా. మాత్ర అయితే లోపల పిండి పెట్టి ఇవ్వవచ్చు; ఉత్తుత్తి ఆసనం వేయించడం ఎట్లా? నమ్మకం ఎంత, ఆసనం ఎంత అని విడదీయడం కష్టం. అమెరికాలోను, బెంగుళూరులోను ఫలితాలు ఎదురెదురుగా ఉన్నప్పుడు రెండింటినీ పక్కపక్కన పెట్టి చెప్పడమే న్యాయం.

స్వీడన్ నుంచి 2019లో మూడవ గొంతు వినిపించింది. అక్కడ 65 మందిని తీసుకొని, సగం మందికి పదిహేను వారాలు బరువులతో వ్యాయామం చేయించారు. ఆ జట్టులో ఆవిర్లు సుమారు 44 శాతం తగ్గాయి. చిన్న పరీక్ష. అయినా ఆసక్తికరమైనది, ఎందుకంటే నడకా పరుగూ చేయలేని పనిని బరువులు చేశాయేమోనన్న ఊహ పుట్టించింది. ఆ తరువాత 2023లో ఉత్తర అమెరికా మెనోపాజ్ సంఘం హార్మోనులు కాని చికిత్సల మీద తన అభిప్రాయం ప్రకటిస్తూ ఆవిర్ల కోసం వ్యాయామాన్ని కాని యోగాను కాని సిఫారసు చేయలేదు. అధిక బరువు తగ్గించుకోవడాన్ని మాత్రం సిఫారసు చేసింది. మిగిలిన ఆరోగ్యానికి వ్యాయామం మంచిదన్న మాటను ఎవరూ కాదనలేదు. ఈ ఒక్క ఫిర్యాదుకు అది మందని రూఢిగా చెప్పలేమన్నారు, అంతే.

అమెరికాలోనే ఏళ్ళ తరబడి స్త్రీలను వెంటాడి చూసిన మరో అధ్యయనం, ఆవిర్లు తరచుగా వచ్చేవారికి అవి మధ్యస్థంగా ఏడేళ్ళకు పైగా ఉంటాయని 2015లో చెప్పింది. కాబట్టి నాలుగు నెలల నడకతో పోలేదని నా శిష్యురాలు తనను తాను నిందించుకోవలసిన పని లేదు. అవి మరీ బాధిస్తుంటే వైద్యురాలి దగ్గరకు వెళ్ళాలి, ఇప్పుడు మందులున్నాయి. నడక వాటి కోసం కాదు.

మరి ఎందుకోసం? ఇక్కడే గడచిన పది పదిహేనేళ్ళ పరిశోధన అసలైన మలుపు తిరిగింది. ఆవిర్ల నుంచి ఎముకలకు, కండరాలకు. నడక నుంచి బరువులకు.

ఎముక రాయి వంటిదని మనం అనుకొంటాం. కాదు. నిత్యం లోపల కొంత కరుగుతూ, కొంత కడుతూ ఉంటుంది. మా వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే లోపమూ ఆగమమూ ఏకకాలంలో జరుగుతుంటాయి. ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఆ లోపాన్ని అదుపులో ఉంచుతుంది. ముట్లుడిగాక అది తగ్గిపోతుంది; లోపం మీరిపోతుంది, ఆగమం వెనుకబడుతుంది. మొదటి కొన్ని సంవత్సరాలలో ఈ తరుగుదల చాలా వేగంగా ఉంటుంది. అంతా నిశ్శబ్దంగా జరుగుతుంది. ఆవిరి వస్తే తెలుస్తుంది, ఎముక గుల్లబారితే తెలియదు. స్నానాల గదిలో కాలు జారిన రోజున తెలుస్తుంది.

మన కథలలోని ముసలమ్మను తలచుకోండి. నడుము వంగి, చేత కర్ర పట్టి, నేల చూస్తూ నడుస్తుంది. వయసు మళ్ళితే ఇంతేనని బొమ్మలు వేసేవారూ చూసేవారూ అనుకొన్నారు. ఆ వంకరలో చాలా భాగం గుల్లబారిన వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి నలిగిపోవడం. పేదరాశి పెద్దమ్మకు విరిగిన వెన్నుపూసలున్నాయని ఎవరూ చెప్పలేదు. మా అమ్మమ్మలు ఏ జిమ్ముకు వెళ్ళారండీ, రోలూ రోకలీ తిరగలీ చాలవా అని వాదించేవారికి నేను చూపే సాక్షి ఆ ముసలమ్మే. రోట్లో దంచినా ఆమె నడుము వంగింది.

ఆస్ట్రేలియాలోని గ్రిఫిత్ విశ్వవిద్యాలయం వారి పరీక్ష ఫలితాలు 2018లో వెలువడ్డాయి. దానికి 'లిఫ్ట్‌మోర్' అని పేరు పెట్టారు. ఎముకల సాంద్రత తగ్గిపోయిన 101 మంది స్త్రీలు, సగటు వయసు అరవై అయిదు. అంటే నా ఈడువారు. ఒక జట్టు చేత వారానికి రెండు సార్లు, అరగంట చొప్పున, ఎనిమిది నెలలు పెద్ద బరువులు ఎత్తించారు. నేల మీది బరువును నడుము నిటారుగా ఉంచి లేపడం, భుజాల మీద బరువుతో గొంతుక్కూర్చొని లేవడం, తల పైకి ఎత్తడం, చిన్న ఎత్తు నుంచి దబ్బున దిగడం. మనిషి ఒక్కసారి ఎత్తగలిగిన అత్యధిక బరువులో ఎనభై శాతం పైన! రెండో జట్టు ఇంటి దగ్గర తేలికపాటి వ్యాయామం చేసింది. ఎనిమిది నెలలకు మొదటి జట్టు వారి నడుము వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, రెండవ జట్టుకు 1.2 శాతం తగ్గింది. జరిగిన ప్రమాదమల్లా ఒక్కరికి కొద్దిగా నడుము పట్టడం.

ఈ వయసులో ఎముక గట్టిపడడమనేది నన్ను నిజంగా ఆశ్చర్యపరచింది. తేలికపాటి వ్యాయామం చేసినవారికి తరుగుదల ఆగలేదన్నది అంతకన్నా ముఖ్యమైన విషయం. నడక గుండెకు మంచిది, చక్కెరకు మంచిది, మనసుకు మంచిది. వెన్నెముకకు నడక ఒక్కటే చాలదని అనేక పరీక్షల సమీక్షలు చెబుతున్నాయి. అలవాటైన బరువును ఎముక లెక్కచేయదు. కొత్త బరువు పడితేనే తనను తాను కట్టుకొంటుంది.

సుశ్రుతుడు వ్యాయామాన్ని అర్ధశక్తితో చేయమన్నాడు కదా, ఇదేమిటీ ముప్పాతిక మించి అని ఆయుర్వేద ప్రియులు అడుగుతారు. మంచి ప్రశ్నే. మొదలుపెట్టేవారికి, వెన్నంటి చూసే శిక్షకులు లేనివారికి అర్ధశక్తి మాటే శ్రేయస్కరం. గ్రిఫిత్ వారూ మొదటి రోజే బరువు నెత్తికెత్తలేదు. మొదటి నెల పద్ధతి నేర్పడానికే వెచ్చించారు, చివరిదాకా శిక్షకులు పక్కనే ఉన్నారు. ఇది చదివి ఎవరూ గ్యాసు బండ ఎత్తబోకండి.

ఇంగ్లండులో ఎక్సెటర్ విశ్వవిద్యాలయం వారు 2025లో ప్రకటించిన పరీక్ష ఒకటి ఉన్నది. నలభై నుంచి అరవై ఏళ్ళ స్త్రీలు రమారమి డెబ్బై మంది. పన్నెండు వారాల బరువు వ్యాయామంతో నడుము కింది భాగపు బలం పెరిగింది. ఆ పెరుగుదలలో ముట్లు ఉడిగినవారికీ ఉడగనివారికీ తేడా కనబడలేదు. ఆ వ్యాయామ పద్ధతిని అమ్ముకొనే సంస్థే ఖర్చు భరించింది కనుక కొంచెం ఉప్పు తగిలించుకొని చదవాలి. కాని హార్మోను తగ్గిపోయింది, ఇక బలం రాదు అన్న అపోహ దీనితో బలహీనపడింది.

ఇప్పుడు మన లెక్కకు వస్తాను. నేను పైన చెప్పినవాటిలో బెంగుళూరు ఒక్కటి తప్ప అన్నీ దూరదేశాల పరీక్షలు. అక్కడ ముట్లుడిగే వయసు సగటున యాభై ఒకటి. మన దేశంలో సగటు 46.2 అని భారతీయ మెనోపాజ్ సంఘం దేశవ్యాప్తంగా చేసిన సర్వే 2016లో చెప్పింది. అంటే మన ఎముకల తరుగుదల అయిదేళ్ళు ముందుగా మొదలవుతుంది. యాభైలో చేయమని అక్కడ చెప్పిన పని ఇక్కడ నలభై అయిదులోనే మొదలుపెట్టాలి.

అదైనా సహజంగా ఉడిగినవారి మాట. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశంలో నూటికి ముగ్గురు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో నూటికి ఎనిమిది మంది పైన. దేశంలో మనదే అగ్రస్థానం, చెప్పుకోవడానికి గర్వంగా లేదు. అండాశయాలను కూడా తీసివేస్తే ఆ రోజే హార్మోను ఆగిపోతుంది. వాటిని ఉంచినా ఉడిగే వయసు కొన్ని సంవత్సరాలు ముందుకు జరుగుతుంది. అవసరం లేని ఈ ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను మూడు నెలలలో అమలు చేయమని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్‌లో రాష్ట్రాలను ఆదేశించింది. తీసివేసినవి ఏ ఆదేశంతోనూ తిరిగి రావు కదా. ఆ ఆడవారు ఇప్పుడు మన మధ్యనే ఉన్నారు.

ఎక్కడ ఉన్నారంటే, ఒకామె నేనుండే అపార్టుమెంటులోనే ఉన్నది. పాలమూరు వైపు నుంచి వచ్చింది. పగలు మాదాపూరులో ఒక ఆఫీసు భవనంలో హౌస్‌కీపింగు, సాయంత్రం మా ఇళ్ళలో అంట్లు. నలభై రెండేళ్ళు. మోకాళ్ళు పట్టుకొని లేస్తుంటే అడిగాను. 'గర్భసంచి తీసేసిన్రు టీచరమ్మా. ఇరవై ఎనిమిదేండ్లకే. కడుపునొప్పి అని పోతే, ఉంచుకుంటే క్యాన్సర్ అయితదన్నడు డాక్టరు' అన్నది. నేను వ్యాయామం సంగతి ఎత్తబోతే నవ్వేసింది. 'నాకింక వేరే ఎక్సర్‌సైజ్ ఎందుకమ్మా? పొద్దుగాల్నుంచి మెట్లు ఎక్కుడు దిగుడే గదా.'

అందరం అనే మాటే అది. కష్టపడి పనిచేసేవారికి వ్యాయామం అక్కరలేదని. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు 2005లో ప్రకటించిన అధ్యయనం ఇందుకు జవాబు. హైదరాబాదు అల్పాదాయ కుటుంబాలలో ముప్పై నుంచి అరవై ఏళ్ళ స్త్రీలు 289 మందిని పరీక్షించారు. అల్పాదాయ కుటుంబాల ఆడవారు కూర్చొని తినేవారని ఎవరూ అనలేరు. వారిలో 29 శాతం మందికి తుంటి ఎముక మెడ భాగం గుల్లబారి ఉన్నది. ఇంకో సగం మందికి ఆ దారిలో ఉన్నది. వారు తినే తిండిలో సున్నం, అదే కాల్షియం, చాలా తక్కువ. పని ఉంది, ఎముక లేదు.

ఎందుకని? ఇళ్ళు తుడిచే పనిలో గంటల తరబడి వంగడమే గాని క్రమంగా పెరిగే బరువు ఉండదు. ఒకే కీలు మీద ఒకే భారం. పని తరువాత విశ్రాంతి ఉండదు. కండ కట్టుకోవడానికి పప్పూ గుడ్డూ పాలూ ఉండవు. ఉద్యోగ శ్రమ వేరు, తీరిక వ్యాయామం వేరు అన్న సంగతిని పరిశోధకులూ గుర్తిస్తున్నారు. బరువు పనులు చేసే మగవారిలో అకాలమరణాలు 18 శాతం ఎక్కువని 2018లో ఒక పెద్ద సమీక్ష చూపింది. ఆడవారిలో అటువంటి సంబంధం అందులో కనబడలేదు కనుక దాన్ని నేను మా హౌస్‌కీపింగు ఆమెకు అంటగట్టను. నాకు తార్నాక లెక్కే చాలు.

ఎండ సంగతి కూడా ఒక మాట. తిరుపతి స్విమ్స్ వైద్యులు ముట్లుడిగిన 164 మందిని పరీక్షిస్తే 82 శాతం మందికి విటమిన్ డి చాలినంత లేదని 2005లో తేలింది. తిరుపతిలో! ఆ ఎండలో! సూర్యశతకాలు వ్రాసుకొన్న దేశంలో సూర్యుడు ఆడవారి ఒంటికి అందడం లేదు. ఇక తెల్లవారకముందే క్యాబెక్కి, రంగుటద్దాల వెనుక పగలంతా గడిపి, చీకటి పడ్డాక దిగే మాదాపూరు ఆడవారి సంగతి వేరే చెప్పాలా?

ప్రభుత్వాలు ఏమీ చేయలేదని అనను. దుర్గం చెరువు చుట్టూ నడక దారి వేశారు. కొత్తగూడ బొటానికల్ గార్డెన్‌లో పొద్దున్నే బోలెడు మంది నడుస్తారు. 2023 అక్టోబరులో బాహ్యవలయ రహదారి పక్కన సౌరఫలకాల కప్పుతో 23 కిలోమీటర్ల సైకిలు దారి తెరిచారు, చూడముచ్చటగా ఉన్నది. ఏటా ఆగస్టులో మారథాను పరుగు గచ్చిబౌలిలో ముగుస్తుంది. అన్నీ కాళ్ళ పనులే, గమనించారా? నడక, పరుగు, సైకిలు. పార్కులలో పెట్టిన ఓపెన్ జిమ్ముల పరికరాలలో చాలావాటికి బరువు పెంచుకొనే వీలు లేదు; ఊయలలా ఊగి రావచ్చు. కండను కట్టే చోటు కావాలంటే డబ్బు కట్టే జిమ్ముకు పోవాలి. అక్కడ గోడల మీద ఇరవై ఏళ్ళ పిల్లల బొమ్మలే.

వయసు వచ్చినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒంట్లో వేడి పుట్టే నడకో మరొకటో, దానితో పాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పనీ చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మన పత్రికలు మొదటి సగాన్నే చెబుతాయి. రెండవ సగం అచ్చుకు నోచుకోదు. పైగా మన దేశంలో నూటికి 57 మంది స్త్రీలకు మొదటి సగమే అందడం లేదని 2022 నాటి లెక్కలతో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ వెల్లడించింది.

రెండవ సగానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. కుర్చీలోంచి చేతులు ఊనకుండా పది సార్లు లేచి కూర్చోవడం. అలవాటయ్యాక చేతిలో రెండు లీటర్ల నీళ్ళ సీసాతో. ఆ తరువాత అయిదు లీటర్ల డబ్బాతో. గోడకు చేతులు ఆనించి దండేలు. మునివేళ్ళ మీద లేచి దిగడం. ఇక గుంజిళ్ళు ఉండనే ఉన్నాయి. బడిలో శిక్ష, వినాయకుడి ముందు భక్తి, మాదాపూరు జిమ్ములో నెలకు ఇన్ని వేలు రుసుము. మూడింటికీ వంగేది అదే మోకాలు. ఎముకలు గుల్లబారాయని ఇదివరకే తేలినవారు, గర్భసంచి జారినవారు, ఆపరేషను అయి కొద్దికాలమే అయినవారు మాత్రం వైద్యులను అడగకుండా బరువుల జోలికి పోకూడదు. మన దేశపు పరిస్థితులకు తగిన మార్గదర్శకాలను భారతీయ మెనోపాజ్ సంఘం 2020లో ప్రకటించింది. వ్యాయామం, తిండి, ఎముకల పరీక్ష అన్నీ అందులో ఉన్నాయి. అది ఇంగ్లీషులో ఉన్నది. వైద్యం తెలిసిన బ్లాగరు ఎవరైనా దానిని సులభమైన తెలుగులోకి తెస్తే చదివి భాష సరిదిద్దే పని నాది.

నా శిష్యురాలికి ఈ సంగతులన్నీ ఫోనులో చెప్పాను. ఆవిర్లకు వైద్యురాలి దగ్గరకు వెళ్ళమన్నాను, ఎముకల కోసం బరువులెత్తమన్నాను. రెండూ కలపవద్దన్నాను. ఆమెకు వినే తీరిక, వెళ్ళే డబ్బు ఉన్నాయి. వారి ఆఫీసులో వ్యాయామశాల కూడా ఉన్నదట, సిబ్బందికి ఉచితం. ఆ వ్యాయామశాల నేలను రోజూ తుడిచే ఆడవారికి అందులో ప్రవేశం ఉన్నదా అని అడిగాను. వారు కాంట్రాక్టు సంస్థ వారు కదా టీచర్, ఎప్పుడూ ఆలోచించలేదు, కనుక్కొంటాను అన్నది.

మీలో కొండాపూరు నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఆ మేడలలో పనిచేసేవారు చాలామంది ఉన్నారు. మీ ఆఫీసు ఆరోగ్య ప్రసంగాలకు, ఎముకల పరీక్షా శిబిరాలకు, జిమ్ముకు హౌస్‌కీపింగు ఆడవారిని రానిస్తారో లేదో, వారి పనివేళలలో అరగంట అందుకు వదులుతారో లేదో కనుక్కొని ఇక్కడ వ్యాఖ్యలో వ్రాయండి. సంస్థల పేర్లు వ్రాయవద్దు. రానిస్తారా, లేదా, ఎందుకు, అంతవరకు చాలు.